పంచాయతీ కంప్యూటరు మొరాయించినప్పుడు

ఒకప్పుడు పంచాయతీ కార్యాలయపు ఆస్తి యనగా ఒక బల్ల, నాలుగు కుర్చీలు, ఒక ఇనుప బీరువా. ఇంటిపన్ను డిమాండు రిజిస్టరు, జనన మరణముల రిజిస్టరు, తీర్మానముల పుస్తకము ఆ బీరువాలో భద్రముగా నుండెడివి. వానికి చెదపురుగుల వలనను, వానచినుకుల వలనను భయము. ఆ భయమునకు విరుగుడు గ్రామములో ప్రతి పెద్దకును తెలిసియుండెను. వేపాకు వేయుట, ఎండలో ఆరబెట్టుట, పైకప్పు బాగుచేయించుట మొదలైన ఉపాయములతో తరతరముల లెక్కలు నిలిచినవి.

ఇప్పుడు బీరువా స్థానమును కంప్యూటరు ఆక్రమించినది. 2020 ఏప్రిల్ 24వ తేదీన ప్రారంభింపబడిన ఈ-గ్రామ స్వరాజ్ విధానములో పంచాయతీ ప్రణాళికలు, జమాఖర్చులు దూరమున నున్న ప్రభుత్వ సర్వరులలో నిలిచియుండును. మన కార్యాలయపు కంప్యూటరు చెడినను అవి చెడవు. కాని గ్రామమునకు సంబంధించిన సమస్తమును అచ్చటికి చేరినదని తలపరాదు. స్కాను చేసిన పాత రిజిస్టర్ల పుటలు, పనుల అంచనాలు, గ్రామసభల ఫొటోలు, వచ్చిన అర్జీలు, వ్రాసిన జాబులు చాలవరకు కార్యాలయములోని కంప్యూటరునందును, దానికి తగిలించిన అరచేయంత నల్లని పెట్టెయందును మాత్రమే ఉండుట కలదు. ఆ పెట్టెనే ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కు అందురు. దాని చెద యెట్టిదో, దాని వాన యెట్టిదో మనలో ననేకులకు ఇంకను తెలియదు.

కంప్యూటరు పనిమధ్యలో బిగుసుకొనిపోవుట, తనంతట తాను ఆగి మరల లేచుట, తగిలించిన డిస్కు ఉన్నట్టుండి మాయమగుట - ఈ మూడును పంచాయతీ కార్యాలయములలో తరచుగా వినవచ్చు ఫిర్యాదులు. పంచాయతీ సభ్యులు మరమ్మతు విద్య నేర్వనక్కరలేదు. కాని క్రొత్త కంప్యూటరు కొనుటకు తీర్మానము చేయకముందు ఏ ప్రశ్నలు అడుగవలెనో తెలిసికొనుట వారి విధి. ఏలయన వెచ్చించునది గ్రామపు ధనము, పోగొట్టుకొనునది గ్రామపు జ్ఞాపకము.

ఒక గ్రామములో చూచినది

ఇటీవల మేము ఒక గ్రామమునకు వేరొక పనిమీద పోయినపుడు అచ్చటి పంచాయతీ సమావేశమునకు హాజరైతిమి. కార్యక్రమ పట్టికలో నాలుగవ అంశము క్రొత్త కంప్యూటరు, క్రొత్త హార్డ్ డిస్కు కొనుగోలు. ఉన్న కంప్యూటరు నాలుగేండ్లది. రోజునకు రెండు మూడు మార్లు బిగుసుకొనుచున్నదనియు, ఒక్కొక్కప్పుడు తనంతట తాను ఆగి మరల మొదలగుచున్నదనియు ఆపరేటరు చెప్పెను. పాత ఇంటిపన్ను రిజిస్టర్ల పుటలను డిస్కులోనికి ఎక్కించుచుండగా సగములో డిస్కు తెగిపోవుచున్నదట. మొన్నటిదినమున డిస్కును తగిలింపగానే, దానిని వాడుకొనవలెనన్న ముందుగా ఫార్మాటు చేయవలెనని తెరపై ఒక మాట కనబడినదట. ఫార్మాటు చేయుట యనగా డిస్కును క్రొత్త పలకవలె తుడిచి సిద్ధపరచుట.

ఆపరేటరు ఆ ఆజ్ఞకు ఔనని బొత్తాము నొక్కబోవుచుండగా కార్యదర్శి వారించెను. "కంప్యూటరు అడిగినది కదా అని ఇచ్చివేయుదుమా? రిజిస్టరు కాల్చమని అడిగిన కాల్తుమా?" అని ఆమె అన్నదట. ఆ ఒక్క మాట ఆ గ్రామపు పండ్రెండేండ్ల పన్ను లెక్కల ప్రతులను నిలిపినది. ఆ రిజిస్టర్ల కాగితపు ప్రతులలో కొన్ని అప్పటికే చిరిగి చేతపట్టుటకు వీలులేని స్థితిలో నుండెను. సభ్యులు కొనుగోలు తీర్మానమును ఒక పక్షము వాయిదా వేసిరి. ఆ పక్షములో జరిగిన పరిశీలనను ఇచ్చట వరుసగా వివరించుచున్నాము. ఇందలి వరుస ఏ కార్యాలయమునకైనను పనికివచ్చును.

మొదట కాపాడుకొనుట, పిదప బాగుచేయుట

ఇల్లు కాలుచున్నపుడు ముందుగా బిడ్డలను బయటికి తెచ్చెదము గాని నిప్పు ఎట్లు అంటుకొన్నదని విచారింపము. డిస్కు విషయములోను ఇదియే నీతి. అది ఏ కొద్దిసేపైనను తెరచుకొనుచున్నచో, ఆ కొద్దిసేపును పరీక్షలకు కాక ప్రతి తీయుటకు వినియోగింపవలెను. మరల సృష్టింపలేని వానిని ముందు తీయవలెను. పాత రిజిస్టర్ల పుటలు ముందు, సభల ఫొటోలు వెనుక. ఇంటర్నెట్టునుండి మరల దింపుకొనగల ఫారములను అసలు లెక్కింపనక్కరలేదు.

ఫార్మాటు చేయుమని తెరపై మాట వచ్చినంత మాత్రమున లోపలి దస్తావేజులు నశించినవని అర్థము కాదు. డిస్కులోని విషయసూచికను కంప్యూటరు చదువలేకపోయినదని మాత్రమే దాని భావము. విద్యుత్తు చాలకపోయినను, తీగ సరిగా లేకపోయినను ఆ మాటయే వచ్చును. కావున దానికి కాదని చెప్పి, డిస్కును తీసి, మరొక తీగతో, మరొక కంప్యూటరునకు తగిలించి చూడవలెను.

ఆ గ్రామములో అట్లే చేసిరి. పాఠశాలలోని కంప్యూటరునకు, వెనుకవైపు పోర్టులో, పొట్టి తీగతో డిస్కును తగిలింపగా అది వెంటనే తెరచుకొన్నది. సాయంత్రము వరకు కూర్చుండి అందున్న సమస్తమునకును ప్రతి తీసి, కొన్ని పుటలను తెరచి చదివి, సరిగా వచ్చినవని నిర్ధారించుకొనిరి. ప్రతి తీయుటతో పని ముగియదు. తెరచి చూచినదే ప్రతి.

రెండు జబ్బులా, ఒక్కటేనా?

ప్రతి చేతికి వచ్చిన పిమ్మట నెమ్మదిగా విచారింపవచ్చును. అడుగవలసిన మొదటి ప్రశ్న యిది: డిస్కును తీసివేసినప్పుడు కూడ కంప్యూటరు బిగుసుకొనుచున్నదా? చాలమంది ఈ ప్రశ్న అడుగకయే కంప్యూటరు పాతబడినదని తీర్మానించుకొందురు. నిజమునకు తెగి తెగి అంటుకొను డిస్కు ఒక్కటే కంప్యూటరును బిగుసుకొనునట్లు చేయగలదు. డిస్కునుండి ఒక పుట తెమ్మని విండోస్ అడుగును, జవాబు రాదు, వచ్చువరకు కాచుకొని కూర్చుండును. తెరమీద గుర్తు కదలదు. పోస్టుమాను కొరకు వాకిట నిలబడినవానివలె అది నిలిచిపోవునే గాని దానికి జబ్బు లేదు.

రెండవ ప్రశ్న: డిస్కును మరొక కంప్యూటరునకు తగిలించినపుడు అచ్చటను తెగుచున్నదా? అచ్చట గంటసేపు నిలిచి పనిచేసినయెడల తప్పు డిస్కులో లేదనియే చాలవరకు చెప్పవచ్చును. ఈ రెండు ప్రశ్నలకును పైస ఖర్చు లేదు.

విచారణలో పాటింపవలసిన నియమము ఒక్కటే. ఒకమారు ఒక్క మార్పు మాత్రమే చేయవలెను. తీగ, పోర్టు, హబ్బు మూడింటిని ఒకేసారి మార్చినచో జబ్బు కుదిరినను ఏ మందుకు కుదిరినదో తెలియదు. రేపు మరల వచ్చినపుడు మరల చీకటిలో తడుముకొనవలసి వచ్చును.

ఒక నోటుపుస్తకమును కంప్యూటరు ప్రక్కన ఉంచి, తప్పు జరిగిన ప్రతిసారియు తేదీ, గంట, ఆ సమయమున చేయుచున్న పని, తగిలించియున్న వస్తువులు, కరెంటు ఉన్నదా పోయినదా అనునది, తెరపై కనబడిన మాట వ్రాసిపెట్టవలెను. ఆ గ్రామములో పదిదినముల ఈ వ్రాతయే రోగమును పట్టి యిచ్చినది. అంతవరకు "ఎప్పుడు పడితే అప్పుడు" అని చెప్పుచుండిన ఆపరేటరు, పుస్తకము నిండిన పిదప తానే కారణమును వ్రేలితో చూపెను.

డిస్కునకు కావలసిన నీరు

డిస్కు తెగుటకు కారణములలో మిక్కిలి సాధారణమైనది విద్యుత్తు చాలకపోవుట. చిన్న ఎక్స్‌టర్నల్ డిస్కునకు వేరుగా ప్లగ్గు ఉండదు. దస్తావేజులను మోయు యు.ఎస్.బి. తీగయే దానికి కరెంటును గూడ అందించును. ఆ కరెంటు 5 వోల్టులది. పాత రకము యు.ఎస్.బి. 2.0 పోర్టు 500 మిల్లీ ఆంపియర్ల వరకు ఇయ్యవలెనని నియమము. తరువాత 2008లో వచ్చిన యు.ఎస్.బి. 3.0 పోర్టు 900 వరకు ఇయ్యవలెను. ఈ రెండవ రకము పోర్టు లోపల తరచుగా నీలిరంగు కనబడును.

డిస్కు లోపల ఒక పళ్లెము నిమిషమునకు సాధారణముగా 5,400 మార్లు తిరుగుచుండును. ఆగియున్న పళ్లెము తిరుగుట మొదలిడునపుడు దానికి మామూలుకంటె ఎక్కువ కరెంటు కావలెను. ఎద్దులకు బండి లాగుటకంటె బండి కదల్చుట కష్టము గదా! ఆ క్షణమున కరెంటు తగ్గినచో డిస్కు ఆగిపోయి, మరల మొదలిడి, మరల ఆగును. కంప్యూటరు దృష్టిలో ఎవరో తీగను లాగి మరల తగిలించినట్లే. పళ్లెము లేని ఎస్.ఎస్.డి. రకమునకు ఈ తిరుగుడు బాధ లేదు గాని, వదులైన తీగ దానిని గూడ విడువదు.

ఒకే బోదె క్రింద నాలుగు మళ్లున్నపుడు చివరి మడికి నీరు అందకపోవుటను మనము ఎరుగుదుము. హబ్బు అనెడి పంపకపు పెట్టె విషయమును ఇంతియే. సొంత అడాప్టరు లేని హబ్బునకు డిస్కు, పెన్ డ్రైవు, వేలిముద్రల యంత్రము, చెల్లింపులకు వాడు డిజిటల్ సంతకపు టోకెను అన్నియు తగిలించినచో, ఒక్క పోర్టు ఇచ్చు కరెంటును అవి పంచుకొనవలెను. పనిమధ్యలో సంతకపు టోకెను కనబడుటలేదని వచ్చు ఫిర్యాదునకు గూడ కొన్నియెడల ఇదియే కారణము. డిస్కును హబ్బునకు కాక నేరుగా కంప్యూటరునకు తగిలింపవలెను. హబ్బు తప్పనిసరియైనచో సొంత అడాప్టరు గల దానిని వాడవలెను.

కంప్యూటరు పెట్టెకు ముందువైపున నున్న పోర్టులు చేతికి అందుబాటుగా నుండును. కాని అవి పెట్టెలోపల ఒక సన్నని తీగద్వారా ప్రధాన పలకకు కలుపబడి యుండును. వెనుకవైపు పోర్టులు ఆ పలకమీదనే అమర్పబడి యుండును. కావున డిస్కునకు వెనుకవైపు మేలు. తీగ పొడవైనకొలది కరెంటు నీరసించును. డిస్కుతోపాటు వచ్చు తీగ జానెడో మూరెడో ఉండుటకు కారణమిదియే. దానికి పొడిగింపు తీగ చేర్చి బల్లచుట్టు త్రిప్పి తెచ్చుట మంచిది కాదు. అనేక డిస్కులకు ఉండు వెడల్పైన, చీలికగల తీగమూతి కొంతకాలమునకు వదులగును. మెల్లగా తాకినంతనే డిస్కు తెగినచో తీగను మార్చవలెను. చౌకరకపు తీగలలో లోపలి రాగిపోగు సన్నముగా నుండును. ఫోను ఛార్జింగుకు మాత్రమే పనికివచ్చు తీగలు కొన్ని దస్తావేజులను అసలే మోయవు.

ఇంకొక వింత కలదు. యు.ఎస్.బి. 3.0 డిస్కు పనిచేయునపుడు దాని తీగ, మూతి పరిసరములలో పుట్టు రేడియో అలజడి తీగలేని మౌసులు వాడు 2.4 గిగాహెర్ట్జు తరంగములకు అడ్డు తగులునని ఇంటెల్ సంస్థ 2012లో వివరించినది. డిస్కు తగిలించినప్పుడెల్ల తెరమీద బాణపు గుర్తు తడబడినచో కంప్యూటరు బిగుసుకొన్నదని అనుకొందుము. మౌసు రిసీవరును డిస్కునకు దూరముగా, వేరొక వైపు పోర్టులోనికి మార్చి చూడవలెను.

నిద్రపుచ్చు విండోస్

డిస్కు తెగుట రెండు విధములు. ప్రతి ఎక్కించుచుండగా తెగినచో పైన చెప్పిన కరెంటును, తీగను అనుమానింపవలెను. కొంతసేపు ఎవరును ముట్టకుండ ఉన్న పిమ్మట, మరల తాకినపుడు కనబడకున్నచో వేరొక కారణము కలదు. కరెంటు పొదుపు కొరకు విండోస్ పనిలేని పోర్టులను నిద్రపుచ్చును. కొన్ని డిస్కులు ఆ నిద్రనుండి సరిగా లేవవు.

దీనికి మందు కంప్యూటరులోనే కలదు. కంట్రోల్ ప్యానెలులో పవర్ ఆప్షన్సు తెరచి, వాడుకలోనున్న ప్లానుయొక్క అడ్వాన్స్‌డ్ సెట్టింగులలో యు.ఎస్.బి. సెలెక్టివ్ సస్పెండ్ అనుదానిని డిసేబుల్డ్ అని మార్చవలెను. డివైస్ మేనేజరులో ప్రతి యు.ఎస్.బి. రూట్ హబ్బునకును పవర్ మేనేజ్‌మెంట్ అను పుటలో, పొదుపు కొరకు దీనిని ఆపుటకు అనుమతించు గుర్తును తీసివేయవలెను. కొన్ని కంప్యూటర్లలో ఈ పుట కనబడదు. అప్పుడు మొదటి మార్పుతోనే సరిపెట్టుకొనవలెను. పనిదినములలో దీనివలన అదనపు కరెంటు ఖర్చు లెక్కకు వచ్చునంతటిది కాదు.

తనంతట తాను ఆగు కంప్యూటరు

ఆ గ్రామములో డిస్కును తీసివేసిన నాటినుండి కంప్యూటరు బిగుసుకొనుట పూర్తిగా మానినది. కాని తనంతట తాను ఆగి మరల లేచుట మానలేదు. జబ్బులు రెండని అప్పుడు స్పష్టమైనది.

ఇట్లు ఆగినపుడు చూడవలసిన స్థలము ఈవెంట్ వ్యూయరు. అది కంప్యూటరు తన దినచర్యను తానే వ్రాసికొను పుస్తకము. అందు విండోస్ లాగ్సు క్రింద సిస్టమ్ అను భాగములో, కర్నెల్ పవర్ అను పేరుతో 41వ సంఖ్యగల వ్రాత కనబడినచో, క్రితముసారి కంప్యూటరు సక్రమముగా మూయబడక ఆగినదని అర్థము. ఆ వ్రాత మరల లేచిన తరువాత వ్రాయబడునది. ఆగినదని చెప్పునే గాని ఏల ఆగినదో చెప్పదు. 157వ సంఖ్యగల వ్రాత డిస్కు చెప్పకుండ తొలగింపబడినదని తెలుపును. 7వ సంఖ్య డిస్కులో చెడిన స్థలము కనబడినదని తెలుపును. ఈ మూడు సంఖ్యలను కార్యాలయపు గోడమీద వ్రాసి ఉంచుకొనుట మంచిది.

ఆపరేటరు ఈవెంట్ వ్యూయరులోని గంటలను నోటుపుస్తకములోని గంటలతో పోల్చి చూచెను. ఆ పదిదినములలో కరెంటు అనేకమార్లు పోయినది. చాలమార్లు యు.పి.ఎస్. కంప్యూటరును నిలబెట్టినది. ఆగిన నాలుగుమార్లును మాత్రము కరెంటు పోయిన నిమిషమున ప్రింటరు కాగితము తీయుచుండెను. యు.పి.ఎస్. వెనుక చూడగా లేజరు ప్రింటరు తీగ కూడ దానికే తగిలింపబడి యున్నది.

లేజరు ప్రింటరు కాగితముపై పొడిని కరగించి అంటించుటకు లోపల ఒక హీటరును వేడిచేయును. ఆ క్షణమున అది ఇస్త్రీపెట్టెవలె కరెంటును త్రాగును. చిన్న యు.పి.ఎస్. బ్యాటరీ కంప్యూటరును కొంతసేపు మోయుటకు మాత్రమే సరిపోవును. రెంటిని మోయలేక అది చేతులెత్తివేయుచున్నది. ప్రింటరు తీగను గోడ ప్లగ్గునకు మార్చిరి. అది మొదలు ఆ పక్షములో కంప్యూటరు తనంతట తాను ఆగలేదు.

అన్ని గ్రామములలోను కారణము ఇదియే కానక్కరలేదు. యు.పి.ఎస్. బ్యాటరీ కొన్ని యేండ్లకు నిస్సత్తువగును. ప్రింటరు లేకున్నను కరెంటు పోయినవెంటనే కంప్యూటరు ఆగినచో బ్యాటరీని పరీక్షింపజేయవలెను. కంప్యూటరు పెట్టెను తాకిన చురుక్కుమనినచో ఎర్తింగు సరిగా లేదు. ఇది ప్రాణమునకే ముప్పు. అర్హతగల ఎలక్ట్రీషియనుచేత వెంటనే సరిచేయింపవలెను. ఎండకాలములో మధ్యాహ్నములయందే ఆగుచున్నచో వేడిని అనుమానింపవలెను. లోపలి ఫ్యాను దుమ్ముతో మూసుకొనిపోయినచో ప్రాసెసరు తన వేగమును తానే తగ్గించుకొనును. వేడి మరియు మించినచో తన్ను కాపాడుకొనుటకు కంప్యూటరును ఆపివేయును. కరెంటు తీసివేసి, ఫ్యాను తిరుగకుండ వ్రేలితో పట్టుకొని, మెత్తని కుంచెతో దుమ్ము తీయుట సంవత్సరమునకు రెండుమార్లు చేయదగిన పని.

వేళాపాళ లేక, డిస్కు లేకున్నను, కరెంటు ఉండగానే నీలితెర వచ్చుచు ఆగినచో మెమరీ పలకను పరీక్షింపవలెను. విండోస్ మెమరీ డయాగ్నాస్టిక్ అను సాధనము అందులోనే కలదు. రెండు పలకలున్నచో ఒకదానిని తీసి ఒకదానితో నడిపి చూచుట సులభమైన పరీక్ష. అదియు సరిగానున్నచో లోపలి పవర్ సప్లయి పెట్టెను మార్చి చూడవలెను. ఈ రెండును కొత్త కంప్యూటరు ధరలో కొద్ది భాగమునకే లభించును.

డిస్కు నిజముగా చెడినప్పుడు

కొన్నియెడల తప్పు డిస్కుదే. లోపలినుండి టకటకమని శబ్దము వచ్చినను, ఏ కంప్యూటరునకు తగిలించినను తెగినను, ఒక చిన్న పుటను తెచ్చుటకు నిమిషములు పట్టినను అది అంత్యదశ. ప్రతి డిస్కును తన ఆరోగ్యమును తాను లెక్కించుకొను ఏర్పాటు కలిగియుండును. దానిని స్మార్ట్ అందురు. ఆ లెక్కను చూపు ఉచిత సాధనములు కలవు. చెడి మార్చబడిన స్థలముల సంఖ్య, మార్చుటకు వేచియున్న స్థలముల సంఖ్య అందు పెరుగుచున్నచో డిస్కును నమ్మరాదు.

శబ్దము వచ్చుచున్న డిస్కును మాటిమాటికి తగిలించి చూడరాదు. పళ్లెముపై తేలుచుండు చదువుముల్లు దానిని గీచివేయవచ్చును. అట్టిదానిలో మరెచ్చటను లేని రికార్డులున్నచో వెంటనే ఆపి, పోయిన దత్తాంశములను వెలికితీయు నిపుణులకు అప్పగింపవలెను. దోషములను సరిదిద్దు చెక్ డిస్కు ఆజ్ఞను ప్రతి తీయకముందు ఎన్నడును ఇయ్యరాదు. అది సూచికను సరిచేయుటకు డిస్కుపై వ్రాయును, నీరసించిన డిస్కును గంటలకొలది పరుగెత్తించును. ప్రతి చేతనున్నపుడు అది మందు, లేనపుడు అదియే విషము.

పంచాయతీ చేయదగిన తీర్మానములు

పక్షము దినములు గడచిన పిదప ఆ గ్రామ పంచాయతీ మరల సమావేశమైనది. డిస్కును పొట్టి తీగతో వెనుక పోర్టునకు తగిలింపగా రిజిస్టర్ల పుటలన్నియు తెగకుండ ఎక్కినవని ఆపరేటరు చెప్పెను. క్రొత్త కంప్యూటరు అంశమును సభ్యులు విరమించుకొనిరి. రెండవ డిస్కు కొనుగోలును మాత్రము ఉంచిరి. మొదటిది చెడినందున కాదు, ప్రతి ఒక్కటే ఉండరాదని తెలిసినందున. తక్కిన పంచాయతీలు గూడ ఈ క్రింది విషయములను ఆలోచింపవలెనని కోరుచున్నాము.

ఒకటి, ముఖ్యమైన ప్రతి రికార్డునకును మూడు ప్రతులుండవలెను. అవి రెండు విధములైన సాధనములపై ఉండవలెను. వానిలో ఒకటి కార్యాలయమునకు వెలుపల ఉండవలెను. కంప్యూటరు, డిస్కు ఒకే బల్లమీద నున్నచో ఒకే నిప్పు, ఒకే వరద, ఒకే దొంగ రెంటిని గొనిపోవును. పాఠశాలలోనో మండల కార్యాలయములోనో తాళముగల బీరువాలో రెండవ డిస్కును, రసీదు తీసికొని, ఉంచవచ్చును. అందు ప్రజల ఆధార్ ప్రతులు, కుటుంబ వివరములు ఉండును గాన అది ఎవరిచేతికిబడిన వారి సొత్తు కారాదు.

రెండు, నెలకొకమారు ప్రతి తీయు తేదీని నిర్ణయించి, తీసిన పిదప ఏదేని అయిదు పుటలను తెరచి చూచి, కార్యదర్శి నోటుపుస్తకములో సంతకము చేయవలెను. నెలసరి సమావేశములో ఒక సభ్యుడు ఆ పుస్తకమును చూడవలెను.

మూడు, డిస్కును తీయునపుడు సేఫ్లీ రిమూవ్ అను ఆజ్ఞ యిచ్చి, తీయవచ్చునని తెర చెప్పిన పిమ్మటనే తీయవలెను. 2018లో వచ్చిన విండోస్ 10 యొక్క 1809 సంచిక నుండి త్వరగా తీయుటకు అనుకూలించు పద్ధతి మామూలు ఏర్పాటైనది. ఐనను వ్రాత జరుగుచుండగా లాగినచో ఏ పద్ధతియు కాపాడదు.

నాలుగు, ఫార్మాటు చేయుమని తెర అడిగినపుడు కార్యదర్శి వ్రాతపూర్వకమైన అనుమతి లేక ఎవరును ఔననరాదు.

అయిదు, క్రొత్త కంప్యూటరు కోరినపుడు మూడు జవాబులు అడుగవలెను: డిస్కు లేకుండ దీనిని నడిపి చూచితిరా? డిస్కును వేరొక కంప్యూటరుపై చూచితిరా? కరెంటును, వేడిని పరీక్షించితిరా? ఈ మూడింటికిని జవాబు నోటుపుస్తకములో దొరకవలెను. క్రొత్తది కొనుటకు న్యాయమైన కారణములును కలవు. ఉదాహరణమునకు, విండోస్ 10కు ఉచిత భద్రతా సవరణలతో కూడిన సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14వ తేదీతో ముగిసినది. తరువాతి విండోస్ 11ను మోయలేని పాత కంప్యూటరును మార్చదలచుట సమంజసమే. కాని తీగ వదులైనందుకు కంప్యూటరును మార్చుట, చక్రపు సీల ఊడినందుకు బండిని అమ్ముకొనుట వంటిది.

మేము తిరిగి వచ్చునాడు ఆ కార్యాలయమునకు ఒక వృద్ధురాలు వచ్చినది. తన భర్త పేర ఉన్న ఇంటికి పూర్వము పన్ను చెల్లించినట్లు ఆధారము కావలెనని అడిగినది. ఆమె చెప్పిన సంవత్సరపు కాగితపు రిజిస్టరులో ఆ పుట చీకిపోయి యున్నది. ఆపరేటరు డిస్కులో వెదకి, రెండు నిమిషములలో ఆ పుటను తెరపైకి తెచ్చి, అచ్చువేసి ఇచ్చెను. పక్షము క్రిందట ఒక బొత్తాము నొక్కియున్నచో ఆమె రిక్తహస్తములతో మరలవలసి వచ్చెడిది. ఆమెకు ఆ సంగతి తెలియదు, తెలియవలసిన అవసరమును లేదు. ఆమె తరపున తెలిసికొని జాగ్రత్తపడుటకే గ్రామము పంచాయతీ సభ్యులను ఎన్నుకొన్నది.